నత్త చదివిన చెయ్యి

మా మెషిన్ మా నాన్నని పురచేతివాటం మనిషిని చేసేసింది. డెబ్భై మూడేళ్ళుగా కుడిచేత్తో అన్నం తిని, కుడిచేత్తో సంతకం పెట్టి, కుడిచేత్తోనే చిన్నప్పుడు నా వీపు మీద నాలుగు అంటించిన మనిషిని పట్టుకుని, "ఎడమ చెయ్యి, తొంభై ఆరు శాతం" అని తెర మీద ఎర్రక్షరాల్లో చూపించింది.

పంతొమ్మిదేళ్ళుగా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకి నేను చెప్పేది ఒకటే. మెషిన్ తప్పు చెయ్యదర్రా, బిగించిన మనిషే తప్పు చేస్తాడు. అందుకని ఆ రోజు నేను తెరనీ నమ్మలేదు, నన్నూ నమ్మలేదు. స్పానర్ పట్టుకుని మళ్ళీ బల్ల కిందకి దూరాను.

నా పేరు భ్రమరాంబ. మా ఆయన శోభనాద్రి ముద్దొస్తే 'భ్రమరా' అంటాడు, ఒళ్ళు మండితే 'భ్రమ' అంటాడు. ఆ వారమంతా నేను భ్రమనే.

మాది పెడన. కలంకారీ గుడ్డ మీద అద్దే టేకు అచ్చులు చెక్కడం మా నాన్న నాంచారయ్య పని. ఒక బొమ్మకి ఒక గీత అచ్చు, దానికి తోడు మూడు నాలుగు నింపుడు అచ్చులు ఉంటాయి. నింపుడు అచ్చు లోపల రంగు వేస్తుంది. గీత అచ్చు అంచు గీస్తుంది, పనితనమంతా అక్కడే. నాన్న పేరున్న గీత అచ్చులో బాతు మెడ చూడాలి మీరు. వెంట్రుకంత గీత, వీపు మీదుగా ఎక్కి, మెడ దగ్గర వంపు తిరిగి, ముక్కు కొస దాకా ఎక్కడా తెగదు. ఆరేళ్ళ కిందట ఆయన చేతులకి వణుకు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా తగ్గలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో గీత అచ్చు పుట్టలేదు.

శోభనాద్రి మచిలీపట్నంలో కాలేజీ లెక్చరరు, సెన్సార్ల పిచ్చోడు. మామగారి చేతులు చూసి చూసి, రెండేళ్ళు కూర్చుని అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తయారుచేశాడు. పాత అచ్చు మీద పెడితే అది మెల్లగా పాకుతూ ప్రతి ఉలిగాటునీ తడుముతుంది. ఎంత లోతు, ఏ పక్కనుంచి, ఎంత బలంతో, మణికట్టు ఎక్కడ తిరిగింది, ఇవన్నీ పట్టేస్తుంది. గాటు చెక్కలో ఉన్నంతకాలం దాన్ని వేసిన చెయ్యి కూడా అందులోనే ఉంటుందని ఆయన వాదన. చాలినన్ని అచ్చులు చదివాక ఆ చేతిని తీసుకెళ్ళి మెషిన్‌కి ఎక్కించొచ్చు. అమ్మ దాన్ని చూసి, "నత్తలా ఉందే," అంది. అంతే, దాని పేరు నత్త అయిపోయింది.

చెక్కే మెషిన్ మాత్రం నాది. విడిభాగాలు తెప్పించుకుని, ఎండాకాలం సెలవుల్లో మా పుట్టింటి వసారాలో నా చేతుల్తో బిగించుకున్నాను. గిర్రున తిరిగే ముల్లు పైపని చేస్తుంది. సన్నపనికి ముల్లు తీసేసి ఉలి తగిలిస్తాను.

హస్తకళల సంస్థ ఒకటి కొత్తగా 'చేతుల ఖజానా' మొదలుపెట్టింది. ఆగిపోబోతున్న చేతుల్ని చదివించి, పేరుతో సహా దాచిపెడతారట. రేపు ఎవరైనా ఏ ఊళ్ళోనైనా ఆ చేతితో చెక్కించుకోవచ్చు. నత్త సంగతి తెలిసి మాకు కబురుపెట్టారు. శుక్రవారం సాయంత్రంలోగా ఒక చెయ్యి, ఆ చేతితో మెషిన్ చెక్కిన గీత అచ్చు ఫోటో, ఒక పేరు పంపాలి. తప్పితే మళ్ళీ ఎప్పుడో వాళ్ళకే తెలియదు. నాన్న వణుకు మాటలోకి కూడా దిగుతోందని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఆయన తెలివితో కూర్చుని చూస్తుండగా ఆయన చెయ్యి మళ్ళీ ఒక్క బాతునైనా చెక్కాలి. నాకు కావలసింది అంతే.

నాన్న పాత అచ్చులన్నీ నత్త చేత చదివించాక, సోమవారం మెషిన్ మీద మొదటి అచ్చు పెట్టాం. కొత్తగా మెషిన్ కొన్నవాళ్ళు ఆత్రం కొద్దీ మొదటిరోజే చెక్క పెట్టేసి, ముల్లు విరగ్గొట్టుకుని, అమ్మినవాణ్ణి తిడతారు. నేనలా చెయ్యను. రసమట్టం పెట్టి బల్ల నాలుగు మూలలూ చూసుకున్నాను. వంద మిల్లీమీటర్లు కదలమని చెప్పి స్కేలుతో కొలిచాను, వందే కదిలింది. కింది పలకని మెషిన్ చేతే ఒకసారి చదును చేయించాను. చెక్కని బిగించి, క్లాంపులు ఉలి దారికి అడ్డం రావడం లేదని రెండుసార్లు చూసుకున్నాను. ఉలి మొన కింద కాగితం ముక్క పెట్టి, లాగితే పట్టీపట్టనట్టు అనిపించిన చోట సున్నా పెట్టాను. మెషిన్ అన్నీ అక్కణ్ణుంచే కొలుచుకుంటుంది, ఆ సున్నా తప్పితే ఇక అన్నీ తప్పే. చివరికి ఉలిని పైకెత్తి, గాలిలో ఒకసారి బొమ్మంతా నడిపించాను. నాన్న కుర్చీలో కూర్చుని అన్నీ చూశాడు.

"ముహూర్తం పెట్టించావా ఏంటే దీనికి? మొదలెట్టు!" అన్నాడు.

మొదలెట్టాను. వీపు బ్రహ్మాండంగా వచ్చింది. మెడ దగ్గరకి వచ్చేసరికి ఉలి ఆగింది. ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది, అక్కడక్కడే పొడిచింది. దారి తప్పినవాడు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డట్టు తికమకపడి, మెడకి బదులు పక్కటెముకలు చెక్కింది. గబుక్కున మెషిన్ ఆపే ఎర్ర బటన్ నొక్కేశాను.

మంగళవారం సెలవు పెట్టి మెషిన్‌ని విప్పాను. బెల్టు వదులైందేమోనని వేలితో మీటి చూశాను, బిగువుగానే ఉంది. చక్రాల నట్లు చూశాను. వైర్లు ఒకదాని మీద ఒకటి పడి సంకేతాలు చెడగొడుతున్నాయేమోనని విడదీశాను. ఎర్తు చూశాను. ఉలి పట్టే నోట్లో రంపపుపొట్టు ఉందేమోనని బ్రష్షుతో తోమాను. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడు నత్త రాసుకున్న చిట్టా తెరిచాను. మొదట్లో చెప్పిన ఎర్రక్షరాలు కనపడింది అప్పుడే.

నింపుడు అచ్చులన్నిటికీ 'కుడి చెయ్యి' అని రాసింది. గీత అచ్చులన్నిటికీ 'ఎడమ చెయ్యి' అని రాసింది. ఒక మనిషి పొద్దున కుడిచేత్తో, మధ్యాహ్నం ఎడమచేత్తో చెక్కుతాడా? ఇంకో వింత కూడా ఉంది. వంపులు వచ్చిన ప్రతిచోటా 'మణికట్టు కదలలేదు' అని రాసింది. మణికట్టు కదలకుండా వంపు ఎలా వస్తుంది?

"నాన్నా, నువ్వెప్పుడైనా ఎడంచేత్తో చెక్కావా?" అని అడిగాను.

నాన్న నా వంక చూడలేదు. కాసేపు గడ్డం గోక్కుని, "అచ్చు కదే అది! అచ్చంటే అంతా తిరగేసే కదా. అది ఎడమంటే మనం కుడనుకోవాలి," అన్నాడు.

నేను నెత్తి కొట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అచ్చుల ఇంట్లో పెరిగి, ఇంత చిన్న విషయం తట్టలేదేంటి నాకు! గుడ్డ మీద బాతు కుడివైపు చూడాలంటే అచ్చు మీద ఎడమవైపు చూడాలి. కాగితం బొమ్మని తిరగేసి అతికిస్తేనే మేం చెక్కుతాం. నత్తకి ఆ సంగతి ఎవరు చెప్పారు? పరుగున వెళ్ళి సెట్టింగుల్లో అడ్డం దిక్కుని తిరగేశాను. ఎర్రక్షరాలు పోయి 'కుడి చెయ్యి' అని పచ్చగా వచ్చింది. ఆ పచ్చ చూసి ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బుధవారం ఆ కుడిచేత్తో చెక్కించాను. ఉలి టేకు పొరకి ఎదురెక్కింది. ఫట్ ఫట్‌మని ఒక్కో బాతుకీ ముక్కు లేచిపోయింది. ఆరు బాతులు, ఆరూ ముక్కిడివే. మధ్యాహ్నం దాకా ఆపి, చూసి, మళ్ళీ నడిపి, మూడు చెక్కలు పాడుచేశాను.

నాన్నకి ఉన్నట్టుండి కోపం వచ్చింది. "చాల్లే ఇక, కట్టిపెట్టు! నా చెయ్యి దాచకపోతే కొంపలేం మునిగిపోవు," అని చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికి పోయాడు. నిన్నటిదాకా మొదలెట్టమని తొందరపెట్టిన మనిషి! ఆయనకేమైందో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం శోభనాద్రి వచ్చి, నేను చేసిన ఘనకార్యం విని బ్యాగు కిందపడేసి నవ్వాడు.

"బొమ్మ తిరగబడుతుంది గానీ చెయ్యి తిరగబడుతుందా భ్రమా? అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకుంటావు. పెట్టేది ఏ చెయ్యి?"

"కుడిచెయ్యే."

"మరి? అద్దంలో ఎడంచెయ్యి పెడుతున్నట్టుందని చెయ్యి మార్చుకుంటావా?"

"నవ్వింది చాలు. మీ నత్తకి పిచ్చెక్కింది, అది చూసుకోండి ముందు," అన్నాను. నిజానికి నాకు ఏడుపొస్తోంది. ఆయన అది చూసి నవ్వు ఆపి, నత్తని విప్పుకుని కూర్చున్నాడు. రాత్రి భోజనాల వేళకి అందులోనూ తప్పేం లేదని తేల్చాడు. మెషిన్ బాగుంది, నత్త బాగుంది, అచ్చు మాత్రం రావడం లేదు.

గురువారం పొద్దున పాడైపోయిన చెక్క ఒకటి పట్టుకుని వంటింట్లో పీట మీద కూలబడ్డాను. అమ్మ సీతారావమ్మ దొండకాయలు తరుగుతోంది. అమ్మకి మెషిన్ అంటే గిట్టదు. పొట్టు వసారాలోంచి వంటింటి దాకా ఎగిరొస్తోందని రోజూ సాధింపు. ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా కత్తిపీట వదిలి, నా చేతిలోంచి చెక్క లాక్కుని, బాతు మెడ మీద బొటనవేలు ఆనించి నెమ్మదిగా నడిపించింది.

"ఇది ఉలిని తిప్పిందే," అంది.

"తిప్పకపోతే వంపెలా వస్తుందమ్మా?"

"ఉలిని తిప్పకూడదు. ఉలి ఎక్కడున్నది అక్కడే ఉండాలి. చెక్క తిరగాలి."

అమ్మ ఆ మాట వంకాయ కూరలో చింతపండు ఎంతెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. చెప్పాక తెలిసింది ఏం చెప్పిందో. చెక్క నా ఒళ్ళో పెట్టేసి గబగబా దొండకాయల మీదకి వంగింది. నత్త చిట్టాలో ఉన్న ఒక్కో ముక్కా చకచకా వచ్చి అతుక్కుంది. మణికట్టు కదలలేదు. చెక్క కదిలింది. చెక్క కదలకుండా బిగించి ఉంటుందని మేమే అనుకున్నాం. సున్నా చెక్క మీద పెట్టాం. ఆ ఇంట్లో సున్నా ఎవరి మణికట్టులోనో ఉంది.

"అమ్మా, నీకెలా తెలుసు?"

గుమ్మంలోంచి నాన్న పలికాడు. ఎప్పుడొచ్చాడో.

"చెప్పెయ్యవే ఇక. నత్త ఎలాగూ చెప్పేసింది."

అమ్మ దొండకాయలు తరగడం ఆపలేదు. నాన్నే చెప్పాడు. మాట కూడా కాస్త వణుకుతోంది.

"పెళ్ళయిన కొత్తలో మీ అమ్మ ఓసారి పురచేత్తో కూర వడ్డించింది. మా అమ్మ గరిటె లాక్కుని ఆ చేతి మీదే కొట్టింది. పురచేతి పని దేవుడి గుడ్డకి పనికిరాదు, ఈ ఇంట్లో అచ్చులున్నాయి జాగ్రత్త అంది. తిండికీ రాతకీ కుడి నేర్చుకుంది పాపం. మధ్యాహ్నాలు పొట్టు ఊడవటానికి నా గదిలోకొచ్చి, విరిగిన చెక్క ముక్కల మీద ఏదో గీసుకుంటూ కూర్చునేది. ఒకరోజు నా గీత పక్కన దాని గీత చూశాను. అంతే. ఆ తర్వాత నేను గీత అచ్చు చెక్కలేదు."

"నలభై ఏళ్ళా?"

"మా అమ్మ కునుకు తీసే వేళ తలుపేసుకునేవాళ్ళం. ఎడంచేత్తో ఉలి పట్టి, కుడి బొటనవేలు ఆనించి నెట్టేది. రెండు చేతులూ చాలవుగా, చెక్క నేను తిప్పేవాణ్ణి. మా అమ్మ పోయాకైనా చెప్పాల్సింది. అప్పటికి నా పేరు పడిపోయింది. ఎలా చెప్పను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అచ్చు గదిలోకి అమ్మ చీపురు పట్టుకుని వెళ్ళడం నా చిన్నతనమంతా చూశాను. నూనె రాయటానికీ ఊడవటానికీ వెళ్తోందనుకున్నాను. "మొన్న అచ్చంటే తిరగేసే కదా అని నన్ను మోసం చేశావు కదా నాన్నా!" అని అరిచాను. నాన్న తల దించుకున్నాడు. అమ్మ కత్తిపీట పక్కకి తోసి, "ఆయన్ని అరవకే. ఆయన తిప్పకపోతే నా గీత ఎక్కడిది?" అని నా మీదే విరుచుకుపడింది. నేనెవరి తరఫున మాట్లాడుతున్నానో, అసలు ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు. లేచి వెళ్ళి మెషిన్‌కి పట్టిన పొట్టంతా తుడిచాను.

చెక్క కదిలిందని చెప్పేసరికి నత్త గంటలో తేల్చేసింది. నెట్టిన చెయ్యి ఒకటి, తిప్పిన చెయ్యి ఒకటి. శోభనాద్రి బల్ల మీద తిరిగే పళ్ళెం ఒకటి బిగించాడు. చెక్క బదులు పళ్ళెం నడిమధ్యలో సున్నా పెట్టాను. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మెషిన్ మెడ దగ్గరకి వచ్చింది. ఉలి కదలకుండా నిలబడింది, దాని కింద చెక్క మెల్లగా తిరిగింది. బాతు మెడ నిండుగా, తెగకుండా వచ్చేసింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. చెయ్యి దొరికింది.

ఇక పేరు మిగిలింది. ఖజానా ఫారంలో ఒక పేరుకే చోటుంది. ఫోన్ చేస్తే, "రెండు పేర్లు సిస్టం తీసుకోదమ్మా. చెక్కింది ఎవరో వాళ్ళ పేరు రాయండి," అన్నారు.

అప్పుడు అమ్మ వసారాలోకి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని, "ఆ ఉలి తీసి పక్కన పెట్టు. చెక్కని పళ్ళెం తిప్పుతుంది. నేనొకసారి నెడతా," అంది.

ఆరేళ్ళయింది అమ్మ ఉలి పట్టి. మెషిన్ ఉలి తీసేసి, పళ్ళేన్ని నెమ్మది చేసి, అమ్మకి ఎత్తుపీట వేశాను. ఎడంచేత్తో ఉలి పట్టుకుంది. నా ఎదురుగా, పట్టపగలు, వీధి తలుపు తీసి ఉండగా. పళ్ళెం తిరిగింది. అమ్మ నెట్టింది. సన్నటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. అమ్మ పెదవి కొరుక్కుంటూ చెక్కుతుందని నాకు నలభై ఆరేళ్ళు వచ్చాక తెలిసింది.

నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద వణుకుతూ, పళ్ళెం తిరిగినప్పుడల్లా తామూ కొద్దికొద్దిగా తిరుగుతున్నాయి. ఒక బాతు అయ్యాక అమ్మ పొట్టు ఊదేసింది.

"నేను తిప్పినదానికంటే బాగుందా?" అని అడిగాడు నాన్న.

అమ్మ దేని గురించైనా అబద్ధమాడుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే చక్కగా కుదిరిందంటుంది, మోకాలు వాచినా నొప్పి లేదంటుంది. చెక్క గురించి మాత్రం ఆడలేకపోయింది. మెడ మీద బొటనవేలు నడిపించి చూసి, "బాగుంది," అంది. ఆగి, చిన్నగా అంది. "మీరు ఎప్పుడు తిప్పుతారోనని ఒక కన్ను మీ చేతి మీద ఉండేది. ఇప్పుడు రెండూ గీత మీదే ఉన్నాయి."

ఎందుకు బిగించామురా దేవుడా ఈ పళ్ళెం అనుకున్నాను. గీత చెక్కింది నాన్న కాదని లోకానికి తెలియడం ఒక ఎత్తు. తిప్పడం కూడా ఆయన కంటే ఇనప పళ్ళేనికే బాగా వచ్చని ఆయనకే తెలియడం ఇంకో ఎత్తు. ఆ రెండూ నా చేతుల మీదుగానే జరిగాయి.

నాన్న కర్ర ఆనించుకుని లేచాడు. "పేరు మీ అమ్మది రాయి," అన్నాడు.

"నాన్నా, మళ్ళీ ఫోన్ చేసి గట్టిగా అడుగుతాను. రెండు పేర్లూ..."

"చెక్కిందెవరో వాళ్ళ పేరు రాయమన్నారుగా. రాయి!" అని లోపలికి వెళ్ళిపోయాడు.

రాశాను. సీతారావమ్మ. ఎంటర్ నొక్కేముందు అమ్మ వంక చూశాను. వద్దంటుందేమో, ఆయన పేరే ఉండనీ అంటుందేమోనని ఎదురుచూశాను. అమ్మ అనలేదు. రెండో బాతు మొదలుపెట్టేసింది. నాకు సంతోషం వేసింది, ఆ సంతోషానికి నా మీద నాకే కోపమూ వచ్చింది. నొక్కాను. అందినట్టు వెంటనే జవాబొచ్చింది.

పన్నెండయింది, ఒంటిగంటయింది. అమ్మ లేవలేదు. ఆ ఇంట్లో ఒంటిగంట దాటినా కంచాలు పడకపోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. నేనే వడ్డిద్దామని లేవబోతుంటే లోపల్నుంచి గిన్నెలు తగులుకుంటున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి నాన్న వచ్చాడు. కర్ర లేదు. రెండు చేతుల్తో కంచం పట్టుకుని, గోడకి భుజం రాసుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. పప్పన్నం. సగం నేల మీద దారి పొడుగునా పడింది.

అమ్మ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని ముద్ద కలిపాడు. వణుకుతున్న చెయ్యి అమ్మ నోటి దాకా వచ్చేసరికి ఆ ముద్దలో సగమే మిగిలింది. అమ్మ గీత మీంచి చూపు తిప్పలేదు. ఉలి ఆపలేదు. పళ్ళెం ఆపమని నాతో అనలేదు. నోరు తెరిచింది.

మెతుకులు పళ్ళెం మీద, దాని కింద బల్లని నడిపే పొడుగాటి స్క్రూ మీద పడ్డాయి. స్క్రూలో ఏం పడ్డా మెషిన్ తక్షణం ఆపి తుడవాలి, లేకపోతే అరిగి చస్తుంది. నేను చెయ్యి ఎర్ర బటన్ మీద పెట్టి అలాగే నిలబడ్డాను, నొక్కలేదు. నాన్న ఇంకో ముద్ద కలుపుతున్నాడు.